మెషినుకి తలంటు

ఒంగోల్లో కుంచాల వారింట్లో తెలివికి కరువు లేదు. కావాలంటే వాళ్ళనే అడగండి, వాళ్ళే చెబుతారు. ఆ తెలివికంతా పెద్ద దిక్కు బుల్లెమ్మగారు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండి కుంకుడు రసం నురగ రావడం లేదని, నీళ్ళని మెత్తబరిచే మెషిను కొనిపించింది ఆవిడే. ఆ మెషిన్లో అప్పుడప్పుడూ ఉప్పు పోయాలని తెలిసినప్పుడు, ముల్లుని ముల్లుతోనే కదా తీయాలి అని వీధంతా చెప్పుకుంది.

ఆ రోజు ఆవిడ మనవరాలికి ఓణీల ఫంక్షను. పదింటికి ముహూర్తం. వియ్యపురాలు ముందే వచ్చి గట్టిగా చెప్పి వెళ్ళింది: మొదటి అక్షింతలు అమ్మమ్మ ఇంటివాళ్ళే వెయ్యాలి, వేసేవాళ్ళు తలంటుకుని మరీ రావాలి. బుల్లెమ్మగారికి ఆ మొదటి అక్షింతల మీదే ప్రాణమంతా. పొద్దున్నే తలనిండా కుంకుడు రసం పట్టించుకుని, కళ్ళు మూసుకుని కొళాయి తిప్పింది. నీళ్ళు దారంలా సన్నగా వచ్చాయి. తల తడవడానికి కూడా చాలవు.

కొడుకు కోటినాగులు మేడెక్కి చూశాడు. ట్యాంకు నిండుగా ఉంది. ఈ నీళ్ళకి దిగడానికి బద్ధకమని తేల్చి, కర్ర పుచ్చుకుని వాటిని అదిలించాడు. నీళ్ళు అటూ ఇటూ పోయాయి గానీ కిందికి రాలేదు.

ఇంకేముంది, మెకానిక్‌కి ఫోను చేశారు. మెషినుకి లోపల మట్టి పట్టి ఉంటుంది, బటను నొక్కితే తనని తనే కడుక్కుంటుంది, అంతసేపూ కొళాయి ముట్టుకోకండి అన్నాడతను. మరీ తొందరైతే పక్కనున్న నీలం పిడి తిప్పండి, నీళ్ళు మెషిను జోలికి పోకుండా నేరుగా వస్తాయి అని కూడా చెప్పాడు.

ఆ రెండోది కోటినాగులుకి నచ్చలేదు. ఇంట్లో మెషినుండగా దాన్ని పలకరించకుండా పక్కనుంచి పోతే అదేమనుకుంటుంది? అంతే, బటను నొక్కాడు. మెషిను గుడగుడమంది. అది స్నానం మొదలెట్టిందని కోడలు పద్మాక్షి తలుపు దగ్గరకొచ్చి అత్తగారికి చెప్పింది.

బుల్లెమ్మగారికి కళ్ళు భగ్గుమంటున్నాయి. అయినా న్యాయం న్యాయమే. "కానీయవే. అడ్డంగా చీర కట్టండి, స్నానం చేసేటప్పుడు చూడకూడదు" అంది.

చీర కట్టారు. కానీ శుభమా అని ఫంక్షను పెట్టుకుని ఉత్త నీళ్ళ స్నానమేమిటని పద్మాక్షి మనసు ఊరుకోలేదు. మిగిలిన కుంకుడు రసమంతా తెచ్చి మెషిను ఉప్పు తొట్టిలో పోసేసింది.

మెషిను చప్పుడు ఆగాక బుల్లెమ్మగారు కొళాయి తిప్పితే నీళ్ళకి బదులు నురగొచ్చింది. పోసుకున్నకొద్దీ పెరిగింది. మన మెషిను పనితనమే పనితనమని కాసేపు మురిసిపోయింది గానీ, తొమ్మిదిన్నరయ్యేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నాగులూ, నా మనవరాలికి మొదటి అక్షింతలు ఎవరేస్తార్రా?"

బయట మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకున్నారు. తామిద్దరివీ ఒంటి స్నానాలే. అమ్మది ఇప్పట్లో తెమిలేట్టు లేదు.

"అమ్మా, మనింట్లో తలంటు పూర్తయింది ఒక్క మెషినుకే. దాన్ని తీసుకెళ్ళమంటావా?"

బుల్లెమ్మగారు ఆలోచించింది. "ఇన్నాళ్ళుగా మన ఉప్పు తింటోంది, పరాయిదేం కాదు. నా పట్టుచీర కట్టి తీసుకెళ్ళండి" అంది.

ఊడదీస్తే నీళ్ళు కారతాయని కోటినాగులు ముందుగా ఆ నీలం పిడి తిప్పాడు. పద్మాక్షి చీర కట్టి, బొట్టు పెట్టి, పైన మూర మల్లెపూలు చుట్టింది. ముగ్గురూ ఆటో ఎక్కారు.

వీళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, బాత్రూంలో బుల్లెమ్మగారు కట్టేసిన కొళాయిని మళ్ళీ ఓసారి తిప్పితే దబదబా ధార కట్టింది. నిమిషంలో నురగంతా వదిలిపోయింది. బుల్లెమ్మగారు చీర చుట్టుకుని బయటికొచ్చింది. గడియారం చూస్తే ఇంకా పావుగంట ఉంది. కూతురిల్లు పక్క వీధే. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. గబగబా చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళింది.

అక్కడ ఆగింది. ఒక్కసారి ఇంట్లోకి తిరిగి చూస్తే, మెషిను ఉండే చోటు బోసిగా ఉంది. పాపం, అది తన పని మీద పోయింది. మరి దాని పనెవరు చూస్తారు?

బుల్లెమ్మగారు వెనక్కొచ్చి, రెండు పైపుల మధ్య చతికిలబడి, గుప్పెడు రాళ్ళుప్పు నోట్లో పోసుకుని, నీళ్ళని మెత్తబరచడం మొదలుపెట్టింది.