మూడంచెల రాయి

అనగా అనగా, రాళ్ళు కూడా మనుషుల మాట వినేవని పెద్దలు చెప్పుకునే కాలంలో, గుండ్లమెట్ట అనే ఊరు ఉండేది. ఊరు మెట్ట మీద, నీళ్ళు లోయలో. రెండింటికీ మధ్య ఒకే ఒక్క దారి. ఆ దారి బండల నడుమ ఎంత ఇరుకంటే, కావడి వేసుకున్నవాడు అందులో పక్కకు తిరగలేడు. ఎంత నిటారంటే, ఎద్దు దాన్ని చూసి తల తిప్పుకునేది. కాబట్టి గుండ్లమెట్టకు నీళ్ళు ఆడవాళ్ళ నెత్తి మీద ఎక్కి వచ్చేవి.

నెత్తిన చుట్టకుదురు, కుదురు మీద కుండ. ఊట దగ్గర ఎత్తుకోవాలి, కొండ ఎక్కాలి, ఊరు చేరాలి. మధ్యలో దించుకోవడమనే మాట లేదు. నిండు కుండను నేలకు దించడం ఎవరికైనా చేతనవును. నేల మీది నిండు కుండను ఒంటరిగా నెత్తికెత్తుకోవడం మాత్రం మహా కష్టం. అందుకే ఆడవాళ్ళు జట్లుగా వెళ్ళేవారు. ఒకరి కుండ ఒకరు ఎత్తేవారు. చివర మిగిలినదానికి, అప్పటికే కుండ ఎత్తుకున్నవాళ్ళు మోకాళ్ళు వంచి ఒక చెయ్యి అందించేవారు.

మరి మగవాళ్ళు? మగవాళ్ళు కుండ ముట్టేవారు కాదు. అది బద్ధకం కాదు, భయం. మగవాడు నీళ్ళ కుండ మోసేది ఒక్కచోటనే, కాటిలో, చితి చుట్టూ. మరొకచోట మోస్తే చావును పేరు పెట్టి పిలిచినట్టేనని ఆ ఊరి నమ్మకం.

ఆ ఊరి చివర యల్లమంద అనే ఒడ్డె మనిషి ఉండేవాడు. తిరగళ్ళు చెక్కేవాడు, రోళ్ళు చెక్కేవాడు, గడపరాళ్ళు చెక్కేవాడు. పిలిస్తే వచ్చేవాడు, పని కాగానే వెళ్ళిపోయేవాడు. మన ఇంట్లో రోలు ఎవరు చెక్కారని మనం అడుగుతామా? అలాగే యల్లమంద పేరు కూడా ఎవరి నోటా ఉండేది కాదు. భార్య ఎన్నడో పోయింది. కొడుకు దూరదేశాన కోటగోడ పనికి వెళ్ళి ఏడాదికొకసారి వచ్చేవాడు. ఇంట్లో ఉన్నది యల్లమంద, అతని కోడలు నాంచారు.

నాంచారుకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి పోయినప్పుడు ఊరి ఆడవాళ్ళు అయ్యో అన్నారు. రెండోసారి పోయినప్పుడు ఏమీ అనలేదు. ఆమె మళ్ళీ నీళ్ళకు వచ్చిన రోజున ఊట దగ్గర ఎవరూ చెయ్యి అందించలేదు.

"కడుపు నిలవనిదాని కుండ ఎత్తితే ఆ గాలి మనకు సోకుద్ది," అంది అంకమ్మ. ఆమె ఊళ్ళో ముందు మాట్లాడే మనిషి. ఆమె ఒక మాట అంటే వెనక పది తలలు ఊగేవి.

నాంచారు కుండ ముంచుకుంది. మోకాళ్ళ మీద కూర్చుంది. కుండను మోకాలి మీదికి లాక్కుంది. మోకాలి మీది నుంచి కడుపుకు ఆనించుకుంది. పళ్ళు బిగబట్టి నెత్తికి చేర్చుకుంది. ఎత్తేవాళ్ళు లేరు. ఎత్తుకుంది. నడిచింది.

ఆనాటి నుంచి రోజూ అంతే. ఎత్తేవాళ్ళు లేరు. ఎత్తుకుంది. నడిచింది.

కొన్నాళ్ళకు నాంచారు మూడోసారి కడుపుతో ఉంది. ఐదో నెల వచ్చింది. ఒకనాటి ఉదయం యల్లమంద లోయలో బండ పగలగొట్టడానికి వెళ్ళి, ఊట దగ్గర తన కోడలిని చూశాడు. నిండు కుండ ఆమె కడుపును నొక్కుతూ పైకి పోవడం చూశాడు. చేతిలోని సుత్తి చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడు అతనికి తెలిసింది. కడుపు నిలవదని కుండ ఎత్తేవాళ్ళు లేరు. కుండ ఎత్తేవాళ్ళు లేక కడుపు నిలవదు. పైరాయి కింది రాయిని తిప్పుతున్నదా, కింది రాయి పైరాయిని తిప్పుతున్నదా తెలియని తిరగలి ఇది. మధ్యలో నలిగేది మాత్రం ఒక్కటే గింజ.

ఇంటికి రాగానే, "అమ్మాయ్, రేపట్నించి నువ్వు నీళ్ళకు పోమాక," అన్నాడు.

"పోకపోతే ఏం తాగుదాం మావా? నీ రాళ్ళు పిండుకుందామా?"

యల్లమంద నవ్వలేదు. ఆ రాత్రంతా ఆమె మాటే తలచుకున్నాడు. తెల్లవారేసరికి, పిండుకోవడానికి కాకపోయినా మరొకదానికి రాయి పనికివస్తుందని అతనికి తోచింది. మనిషి ఎత్తకపోతే రాయి ఎత్తాలి.

మొదటి రాయి నిలబెట్టాడు. ఊట పక్కన నిలువెత్తు బండ పాతి, పైన చదును చేశాడు. ఎత్తు దేనితో కొలిచాడు? తన గడ్డపారతో. గడ్డపార ఎంత? అతని నుదురంత. మరునాడు ఆడవాళ్ళు వచ్చి చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏంది యల్లమందా ఇది, ఏనుగు దిగుద్దా నీళ్ళకి?" అంది అంకమ్మ.

నాంచారు మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపింది. చదును అందింది కానీ, కుండ అక్కడికి చేరాలంటే ఎత్తే మనిషి కావాలి. ఎత్తేవాళ్ళు లేరు. ఎత్తుకుంది. నడిచింది.

ఆరో నెల వచ్చింది. యల్లమంద ఈసారి తన కొలత నమ్మలేదు. ఆడవాళ్ళను అడుగుదామని ఊళ్ళోకి వెళ్ళాడు. పరాయి మగవాడు ఒంటి కొలత అడిగితే ఎవరు చెబుతారు? అందరూ ఊరి పెద్ద అయిన పెదకాపు భార్య వైపు చూశారు. ఊరి ఆడవాళ్ళ తరఫున మాట్లాడేది ఆమే కదా. ఆమె బాగా ఆలోచించి చెప్పింది. "నడుమెత్తు అరుగు కట్టు యల్లమందా. నున్నగా ఉండాలి."

ఆమె చెప్పినట్టే కట్టాడు. నడుమెత్తు అరుగు, అద్దంలాంటి నునుపు. ఆడవాళ్ళు వచ్చి దాని మీద కూర్చున్నారు, కబుర్లు చెప్పుకున్నారు, బాగుందన్నారు. నాంచారు నిండు కుండను దాని మీద పెట్టింది. గుండ్రటి అడుగు గల కుండ, నున్నటి రాయి. కుండ ఒకసారి ఊగింది, దొర్లింది, పగిలింది.

పెంకులు ఏరుతూ నాంచారు నెమ్మదిగా అడిగింది. "మావా, పెదకాపు ఇంటికి నీళ్ళు ఎవరు మోస్తారు?"

"పాలేరు పెళ్ళాం."

"మరి నువ్వు పెదకాపు పెళ్ళాన్నెందుకు అడిగావు?"

యల్లమంద తాను నిలిపిన రెండు రాళ్ళ వంకా చూశాడు. తానెన్నడూ మోయలేదు. కొలత చెప్పిన ఆవిడా ఎన్నడూ మోయలేదు. మోయనివాడు కొలిచాడు, మోయనిది చెప్పింది; ఇక రాయి ఏం చేస్తుంది పాపం.

ఏడో నెల వచ్చింది. ఆ ఉదయం గుండ్లమెట్ట ఎన్నడూ చూడని వింత చూసింది. యల్లమంద నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, చేత కుండ పట్టుకుని ఊటకు దిగాడు.

"ఓ యల్లమందా, ఆ చేత్తోనే చీర కూడా కట్టుకోరాదా!" అని ఒకామె అంది. నవ్వులు లేచాయి. కానీ ఆ కుండ నీళ్ళతో నిండి అతని నెత్తి మీదికి పోగానే నవ్వులు ఆగిపోయాయి. ఎవరో పసిబిడ్డను కొంగు చాటుకు లాక్కున్నారు. కబురు ఊళ్ళోకి పోయింది. పెదకాపు చేతికర్రతో సహా దారి మొదట నిలబడ్డాడు.

"ఒరే యల్లమందా, కుండ మోస్తున్నావంట. ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోకూడదని మోస్తున్నాను దొరా."

"ఊళ్ళో ఏ కీడు జరిగినా నీ మెడకే చుట్టుకుంటుంది. ఆలోచించుకో."

"నా మెడ మీద ఇప్పటికే నిండు కుండ ఉంది దొరా. దారివ్వండి."

మూడు రోజులు మోశాడు. మొదటి రోజు కుండ పగిలింది, వీపు తడిసింది, ఏమీ తెలియలేదు. రెండో రోజు మెడ పట్టేసింది. రాళ్ళు మోసిన భుజానికి తెలియని బరువేదో మెడకు తెలిసింది. మూడో రోజు నాంచారు పక్కన నిలబడి, "కూర్చో మావా. మోకాలికి తెచ్చుకో. ఇప్పుడు నడుముకి. ఇప్పుడు భుజానికి," అని చెప్పింది. అప్పుడు అతని ఒంటికి సంగతి అర్థమైంది. నీళ్ళు దారి పొడవునా ఒకే బరువుండవు. మోకాలి దగ్గర ఒకసారి మొండికేస్తాయి, నడుము దగ్గర ఒకసారి మొండికేస్తాయి, భుజం దగ్గర ఒకసారి మొండికేస్తాయి. అక్కడ ఆపి ఊపిరి తీసుకోనిస్తే చాలు. మిగతాది మనిషి తానే చేసుకుంటుంది.

యల్లమంద బొగ్గుముక్క తీసుకున్నాడు. "అమ్మాయ్, ఈ బండకు ఆనుకుని నిలబడు," అన్నాడు. నాంచారు మోకాలి దగ్గర ఒక గీత, నడుము దగ్గర ఒక గీత, భుజం దగ్గర ఒక గీత తానే గీసి ఇచ్చింది.

అంకమ్మ చూస్తూనే ఉంది. చూస్తూ ఊరుకోవడం ఆమెకు రాదు. "ఊరందరిలోకీ పొట్టిది నీ కోడలు. దాని కొలతన కడితే మాకెట్టా?"

"అంకమ్మ తల్లీ, పొడుగు మనిషి వంగగలదు. పొట్టి మనిషి సాగలేదు," అన్నాడు యల్లమంద. అని ఉలి అందుకున్నాడు.

మూడు వారాలు చెక్కాడు. మోకాలెత్తున ఒక అంచె, నడుమెత్తున ఒక అంచె, భుజమెత్తున ఒక అంచె. ప్రతి అంచెలో కుండ అడుగు కుదురుకునేంత గుంట. పై అంచెలో మాత్రం గుంటకు తల వైపు అంచు తీసేశాడు, కుండ లేపకుండానే నెత్తి మీదికి జారేటట్టు. చేత్తో తడిమి చూశాడు, గరుకున్నచోట మళ్ళీ చెక్కాడు, మళ్ళీ తడిమాడు.

ఎనిమిదో నెల వచ్చింది. నాంచారు ఊటకు వచ్చింది. ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ చెయ్యి అందించలేదు. యల్లమంద దూరంగా బండ చాటున నిలబడ్డాడు. అక్కడి నుంచే చూస్తూ ఉన్నాడు.

నాంచారు కుండను మొదటి అంచె మీదికి చేర్చింది. ఊపిరి తీసుకుంది. రెండో అంచెకు చేర్చింది. ఊపిరి తీసుకుంది. మూడో అంచెకు చేర్చింది. కడుపుకు కుండ తగలనేలేదు. అప్పుడు చుట్టకుదురు సర్దుకుని, కాస్త మోకాళ్ళు వంచి, తలను కుండ కిందికి పోనిచ్చింది. కుండ జారి నెత్తిన కూర్చుంది, గూట్లోకి పావురం వచ్చి వాలినట్టు.

ఎత్తేవాళ్ళు లేరు. అవసరమూ లేదు. నడిచింది.

ఆమె వెళ్ళాక ఒక్కొక్కరే రాయి దగ్గరకు వచ్చారు. అంకమ్మ చివరిదాకా ఆగింది. మొదటి అంచె గుంటలో నాంచారు కుండ నుంచి కారిన నీళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ కుండనే కదా ఇన్నాళ్ళూ ముట్టకూడదన్నది! అంకమ్మ ఆ నీళ్ళ వంక చూసింది, నిటారు దారి వంక చూసింది. ఆమెకూ మోకాళ్ళ నొప్పులున్నాయి; ఎవరికీ చెప్పేది కాదు. "సరేలే," అని తనకు తానే చెప్పుకుని కుండను ఆ తడి గుంటలోనే పెట్టింది. ఆ తరువాత గాలి సోకే మాట ఆమె నోట రాలేదు. ఒకే గుంటలో అందరి కుండలూ కూర్చున్నాక, ఎవరి కుండకు ఎవరు దూరం జరుగుతారు?

నెల తిరిగేసరికి నాంచారుకు నొప్పులు వచ్చాయి. మంత్రసానితో పాటు పిలవకుండానే అంకమ్మ వచ్చింది. యల్లమంద వాకిట్లో కూర్చుని చేతికి దొరికిన రాయినల్లా నున్నగా రుద్దుతూ ఉన్నాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చేవేళ లోపలి నుంచి ఒక ఏడుపు వినబడింది. మొండి ఏడుపు, గట్టి ఏడుపు, ఇక పోనని చెప్పే ఏడుపు.

"ఆడపిల్ల యల్లమందా!" అని అంకమ్మ గుమ్మంలోంచి కేకవేసింది. "గొంతు చూడబోతే నన్ను మించేటట్టుంది!"

యల్లమంద చేతిలోని రాయి పక్కన పెట్టాడు. తొమ్మిది నెలలుగా పట్టి ఉంచిన ఊపిరి అప్పుడు వదిలాడు.

ఊరికి ఏ కీడూ రాలేదు. అది చూసి మొదట ఒక మగవాడు, తరువాత ఇద్దరు, తరువాత చాలామంది, ఇంట్లో నిండు చూలాలు ఉంటే తామే కుండ ఎత్తుకున్నారు. యల్లమంద దారి సగంలో అలాంటిదే ఒక రాయి, ఊరి మొదట ఒక రాయి నిలిపాడు. దారిలో దించుకోవడమనే మాట గుండ్లమెట్ట మొదటిసారి నేర్చుకుంది. దించుకున్నవాళ్ళు నిలబడ్డారు, నిలబడ్డవాళ్ళు మాట్లాడుకున్నారు. ఆ రాళ్ళ దగ్గర తెగిన తగవులున్నాయి, కుదిరిన పెళ్ళిళ్ళున్నాయి, పుట్టిన పాటలున్నాయి.

చాలా ఏళ్ళు బతికి, మనవరాలు తనంత ఎత్తు కావడం చూసి, ఒక తెల్లవారుజామున యల్లమంద నిద్రలోనే పోయాడు. ఆ రోజు గుండ్లమెట్ట ఆడవాళ్ళు ఒక్క మాట అనుకోకుండానే ఒక్క పని చేశారు. అతని మీది గౌరవంతో ఎవరూ రాయి ముట్టలేదు. పూర్వంలా ఒకరి కుండ ఒకరు ఎత్తిపెట్టి, ఎక్కడా ఆగకుండా, మెడలు విరిగేలా కొండ ఎక్కసాగారు. తల నెరిసిన అంకమ్మ కూడా ఎక్కుతోంది, ఒక్కొక్క అడుగుకూ ఆయాసపడుతూ.

దారి సగంలో నాంచారు ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. వాళ్ళను చూసి నిలబడిపోయింది.

"ఏంది వదినా ఇది? మా మావ దించుకోమని రాయి పెడితే, ఆయన పేరు చెప్పి మోస్తారా? దించండి!"

అంకమ్మ ముందుగా రాయికి ఆనుకుంది. కుండ జారి రాతి మీద కూర్చుంది. "దించావయ్యా యల్లమందా," అంది. అన్నాక ఆమె నోట వచ్చిన నిట్టూర్పు వెనక ఉన్నవాళ్ళందరికీ వినబడింది. ఒకరి తరువాత ఒకరు దించారు. ఒకరి తరువాత ఒకరు ఆ మాటే అన్నారు.

ఈనాటికీ ఆ వైపు మనుషులు బరువు దించుకున్నప్పుడల్లా ఆ మాటే అంటారు. కట్టెలమోపు దించినా అంతే, పిల్ల కాన్పు సుఖంగా జరిగినా అంతే: "దించావయ్యా యల్లమందా." ఎవరైనా కొత్తగా ఉయ్యాల చేసినా, నిచ్చెన చేసినా, గుమ్మం నిలిపినా, చూడవచ్చిన ముసలమ్మలు బాగుందని వెంటనే అనరు. చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, చేసినవాడి ముఖంలోకి చూసి అడుగుతారు.

"మోసేవాళ్ళను అడిగావా నాయనా?"

కథను ఇక్కడ దించుతున్నాను. ఓపికున్నవారు ఎత్తుకోండి.