చెలమలో ఇసుక

అనగనగా ఒక అడవి. ఏ అడవని మాత్రం అడక్కండి పిల్లలూ. నాకు తెలిసిన అడవల్లా మా పెరట్లో కరివేపాకు చెట్టే. అందులోనే ఒకసారి దారి తప్పాను.

ఎండాకాలం వస్తే ఆ అడవిలో వాగు ఎండిపోయేది. జంతువులన్నీ కలిసి వాగు ఇసుకలో గుంట తవ్వుకునేవి. దాన్నే చెలమ అంటారు. అడుగున చల్లటి నీళ్లు ఊరేవి. కానీ ఇసుక గుంట కదా, అంచులు జారి పూడిపోతూ ఉంటుంది. అందుకని అక్కడ ఒక కట్టుబాటు. తాగినవాళ్లు పోయేముందు ఒక దోసెడు ఇసుక తీసి బయట పోయాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చెలమ దగ్గర ఎవరూ ఎవరినీ తినకూడదు.

కాపలా ఎలుగుబంటిది. ఇసుక తీయనివాళ్లకు మర్నాడు నీళ్లు లేవు. అదే శిక్ష.

ఒకనాడు కుందేలు తాగేసి, ఇసుక తీయకుండా గెంతింది.

"ఏయ్ చెవులపిల్లీ! ఇసుక ఎవరు తీస్తారు, మీ తాతా?" అంది ఎలుగు.

"మరిచిపోయాను మామా."

"రేపు నీళ్లు కూడా మరిచిపో."

కుందేలు మర్నాడంతా నాలుక బయటపెట్టి పడుకుంది. తప్పు నాదే కదా అనుకుంది.

తర్వాత ముంగిస ఎగ్గొట్టింది. దానికీ అదే శిక్ష. న్యాయమే అన్నాయి అన్నీ.

ఆ తర్వాత చిరుతపులి వచ్చింది. కడుపునిండా తాగింది. మూతి తుడుచుకుంది. ఇసుక వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది.

ఎలుగు ఆకాశంకేసి చూసింది, అక్కడేదో చాలా ముఖ్యమైన మబ్బు ఉన్నట్టు.

ఏదుపంది ఊరుకోలేదు. అది ఇద్దరు పసికూనల తల్లి.

"మామా, చిరుత ఇసుక తీయలేదు. చూశావా?"

"దొరగారికి వంద పనులుంటాయి."

"కుందేలుకు పనుల్లేవా?"

"పెద్దల మీద నోరు పారేసుకుంటావా? రేపు నీకు నీళ్లు లేవు, పో!"

విన్నారా పిల్లలూ? ఎగ్గొట్టినవాడికి దణ్ణం, అడిగినదానికి దండన! చెబుతుంటేనే నాకు ఒళ్లు మండిపోతోంది. నా కోపానికి మా ఇంట్లో పిల్లి కూడా పక్కకు జరగదు, అది వేరే సంగతి.

మర్నాటి నుంచి అడవి తీరే మారిపోయింది.

"చిరుత తీయని ఇసుక నేనెందుకు తీయాలి?" అంది కోతి. ఎలుగు చూస్తుంటే ఇటు ఇసుక అటు పోసేది. చూడకపోతే అదీ లేదు. జింక గిట్టతో ఓసారి గీరి, "అయిపోయింది మామా" అనేది. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ ఎగ్గొట్టని తాబేలు కూడా మెల్లగా జారుకుంది. మెల్లగా కాక ఇంకెలా జారుకుంటుంది లెండి!

ఒక పొద్దున వచ్చి చూస్తే చెలమ లేదు. అంతా ఇసుకే.

"ఏ దొంగ చేసిన పని ఇది?" అని ఎలుగు అరిచింది. కోతి జింకను చూపించింది. జింక ముంగిసను చూపించింది. ముంగిస కోతిని చూపించింది.

ఏదుపంది ముళ్లు నిక్కబొడుచుకుని ముందుకొచ్చింది. దాని కూనలు గొంతెండి, ఏడవడానికి కూడా ఓపిక లేక వెనకే నిలబడ్డాయి.

"దొంగను వెతుకుతున్నావా మామా? చిరుత ఎగ్గొట్టింది ఒక్క దోసెడు. దాన్ని వదిలేసి నువ్వు చెలమంతా పూడ్చావు."

"నోర్ముయ్! నీకు శిక్ష వేస్తా..."

"వెయ్యి! నీళ్లు లేవంటావు, అంతేగా? ఇప్పుడు ఎవరికున్నాయి?"

ఎలుగు తల పైకెత్తింది. ఈసారి చూద్దామంటే ఆకాశంలో మబ్బు కూడా లేదు. తలవంచుకుని తవ్వడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే సిగ్గుపడుతూ మిగతావీ గుంటలోకి దిగాయి. నీళ్లు ఊరాయి. ముందుగా ఏదుపంది కూనలు తాగాయి.

"ఇవాళ నాకు నీళ్లు లేవు" అని ఎలుగు గట్టున కూర్చుంది.

సాయంత్రం చిరుత వచ్చింది. తాగింది. వెళ్లబోయింది. ఎలుగు అడ్డంగా నిలబడింది. దాని పక్కన ఏదుపంది. వెనక మిగతావన్నీ. ఎవరూ తలదించలేదు.

"ఏంటి?" అంది చిరుత.

"ఇసుక, దొరా" అంది ఎలుగు, ఎండిన గొంతుతో.

చిరుత అందరి మొహాలూ చూసింది. పంజా చాపి, కాస్త ఇసుక తీసి బయట పోసింది.

కుందేలు తొంగి చూసింది. "అది మా కుందేళ్ల దోసెడు దొరా. మీ దోసెడు తీయండి" అంది.

చిరుత మళ్లీ వంగింది.

నీతి: పెద్దవాణ్ణి వదిలేసి చిన్నవాణ్ణి పట్టుకునే శిక్ష కట్టుబాటును కాపాడదు, పూడ్చేస్తుంది.