కూర్మయ్య రాజుగారికి పెట్టని కుడుములు

మన తాతలకు తాతలు పసివాళ్ళుగా ఉన్న కాలంలో, ఏటి ఒడ్డున కోటిపూడి అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో కూర్మయ్య కుడుములు వండి అమ్మేవాడు. బియ్యప్పిండిలో కొబ్బరీ బెల్లమూ కలిపిన పూర్ణం పెట్టి, పనసాకు దొన్నెల్లో ఆవిరికి ఉడికించేవాడు. పడవ దిగినవాళ్ళు ఊళ్ళో ఎవరింటికి వెళ్ళాలన్నా ముందు కూర్మయ్య అంగడికి వెళ్ళేవారు.

ఆ వంశంలో ఒక పట్టింపు ఉంది. అమ్మడానికి వండింది ఇంట్లో వాళ్ళు తినకూడదు. తింటే లక్ష్మి అలిగి పోతుందట. తాత తినలేదు, తండ్రి తినలేదు, కూర్మయ్యా తినలేదు. ఊరందరికీ కుడుములు పెట్టి, తాను ఇంటికి పోయి గంజి తాగేవాడు.

ఇలా ఉండగా ఒక ఏడు వరదకు ఏరు దారి మళ్ళింది. పడవల రేవు పక్క ఊరికి పోయింది. అంగడికి వచ్చేవాళ్ళు సగమయ్యారు.

కూర్మయ్య కూర్చుని ఆలోచించాడు. రోజూ బియ్యం నానబెట్టి తడిపిండి దంచడం దండగ అనుకుని, వారానికొకసారి పొడిపిండి విసిరి ఉంచుకోసాగాడు. మరుసటి ఏడు ఇంకొందరు తగ్గారు. కొబ్బరి తగ్గించి, పూర్ణంలో శనగపిండి కలిపాడు. మూడో ఏడు ఇంకా తగ్గారు. మంచి బెల్లం మానేసి, చవకగా దొరికే నల్లబెల్లం తెచ్చాడు. యాలకుల మాట సరేసరి, వాటిని ఎప్పుడో మరిచిపోయాడు.

అతని భార్య అచ్చియ్యమ్మ ఒకనాడు ఉండబట్టలేక అంది. "ఏవండీ, జనం ఎందుకు రావడం లేదో ఒక్క కుడుము నోట్లో వేసుకుని చూడరాదూ?"

"మా తాత చేయని పని నన్ను చేయమంటావా? రేవు పోయింది కాబట్టి జనం పోయారు. అంతే," అన్నాడు కూర్మయ్య.

అది నిజమే. కాని పూర్తి నిజం కాదు. ఊళ్ళో వాళ్ళకు రేవుతో పనేమిటి? వాళ్ళూ మానేశారు. ఆ సంగతి కూర్మయ్యకు కనబడలేదు. చివరికి ఆ నెల దాటితే అంగడి మూసి, పొరుగూరికి కూలికి పోవాలనే దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ దేశపు రాజు కాలువ పనులు చూడటానికి అటుగా వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ఆకలి వేళ. కోటిపూడి కుడుముల పేరు ఆయన చిన్నప్పుడు విని ఉన్నాడు. నేరుగా అంగడి ముందు గుర్రం దిగాడు. ఊరు ఊరంతా వెనకాలే వచ్చి నిలబడింది.

మంత్రి కూర్మయ్య చెవిలో మెల్లగా చెప్పాడు. "ప్రభువులకు నచ్చితే కోటలో వంటశాల నీదేనయ్యా. నీ దశ తిరిగినట్టే."

కూర్మయ్య దొన్నె అందించబోయాడు. భటుడు అడ్డం వచ్చాడు. "రాజుగారు బయట ఏది తిన్నా, వండినవాడు ముందు తినాలి. అది ఆచారం."

"మా ఇంట్లో తినకూడదని పట్టింపు, బాబూ," అన్నాడు కూర్మయ్య. భటుడి చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. ఇక గత్యంతరం లేక కూర్మయ్య కుడుము నోట్లో పెట్టుకున్నాడు.

ఒకసారి నమిలాడు. పిండి పాతవాసన కొట్టింది. రెండోసారి నమిలాడు. పూర్ణం అంగిలికి అతుక్కుంది. మూడోసారి నమిలాడు. బెల్లం నాలుక మీద చేదు మిగిల్చింది. కష్టపడి మింగాడు. సిగ్గుతో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"విషమా?" అని భటుడు కత్తి దూశాడు.

"విషం కాదు బాబూ," అని కూర్మయ్య రాజుకు చేతులు జోడించాడు. "ప్రభూ, ఇది తమకు పెట్టదగింది కాదు. పిండి పాతది, పూర్ణం కల్తీది, బెల్లం నాసిది. మూడూ నేను చేసినవే."

మంత్రి తల పట్టుకున్నాడు. రాజు నవ్వి, "ఆకలిగా ఉన్నానయ్యా, ఎలా ఉన్నా పరవాలేదు. పెట్టు," అన్నాడు.

"ఆకలి మీద తమరు తినేస్తారు ప్రభూ. కాని తెలిసి పెట్టడం నాకు చేతకాదు. ఇన్నాళ్ళూ తెలియక ఊరికి పెట్టాను, అదే చాలు."

కోట వంటశాల గుమ్మం దాకా వచ్చి, దాన్ని తన నోటితో తానే కాదనుకున్న మనిషి ఎంతటివాడో చూడండి. రాజు అతని భుజం తట్టి, ఏమీ తినకుండానే గుర్రమెక్కాడు.

ఊళ్ళో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అచ్చియ్యమ్మ మాత్రం బియ్యం కడిగి నానపోసింది. కూర్మయ్య ఉన్న పాత పిండి, నల్లబెల్లం తీసుకుపోయి పశువుల కుడితిలో కలిపేశాడు. ఇంట్లో ఉన్న నాలుగు కొబ్బరికాయలూ కొట్టాడు. మర్నాడు ఆ నాలుగు కాయలకు వచ్చినన్ని కుడుములే వండాడు. మొదటిది తాను తిన్నాడు, రెండోది అచ్చియ్యమ్మకు పెట్టాడు. ఆ తర్వాతే అంగడి తలుపు తీశాడు.

వీధిలో ఎవరూ లేరు. పొయ్యి మీద ఆవిరి పోతూనే ఉంది. ఇద్దరూ గడప మీద కూర్చున్నారు.

కాసేపటికి ఎదురింటి ముసలమ్మ సుబ్బరత్తమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. ఆ అంగడి మెట్టెక్కి ఆమెకు రెండేళ్ళయింది.

"నాకు రెండు పెట్టు నాయనా," అంది.

"ఎలా ఉన్నాయో అడగవేం అత్తమ్మా?" అన్నాడు కూర్మయ్య.

"అడిగేదేముంది? బాగాలేవని రాజుకే పెట్టనివాడివి, నాకు పెడతావా?"

ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. పొద్దు నెత్తికెక్కేలోగా కూర్మయ్య దొన్నెలన్నీ ఖాళీ అయిపోయాయి.

కాబట్టి పిల్లలూ, తన పనిలో లోపం తానే కనిపెట్టి, నలుగురి ముందు ఒప్పుకోగలిగిన మనిషినే లోకం నమ్ముతుంది.