ఎల్లాజీ గ్లవ్స్

మర్నాడు ఫైనల్ పోటీ. నూకరత్నానికి మాత్రం తన చేతుల మీద నమ్మకం పోయింది.

"అమ్మా, ఎల్లాజీగారి గ్లవ్స్ ఒక్క పూట ఇయ్యవా?" అని తనకు బాక్సింగ్ నేర్పే కాసులమ్మను బతిమాలింది. "అవి తొడిగితే నాకు ఎదురుండదు."

ఎల్లాజీ అంటే ఆ రేవుపట్నంలో తెలీనివాళ్లు లేరు. దేశమంతా పేరుమోసిన బాక్సింగ్ ఛాంపియన్. పోయి చాన్నాళ్లయినా నాలుగు రోడ్ల కూడలిలో పిడికిళ్లు బిగించి కంచులో నిలబడే ఉన్నాడు. ఏటా ఆ విగ్రహానికి దండలేసే పెద్దలు కాసులమ్మను "ఛాంపియన్‌గారి ఇల్లాలు" అని పొగిడి, వెనక వరసలో కుర్చీ చూపిస్తారు.

ఆయన పోయాక అక్కడి ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నది ఆమే. దెబ్బ తప్పించుకోవడం ఆమెలా నేర్పగలవాళ్లు లేరు. ఒక్క పోటీలోనూ దిగని మనిషికి అది ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. మొగుణ్ణి చూసి నేర్చుకునుంటుంది అనుకున్నారు.

కాసులమ్మ అద్దాల బీరువా తెరిచి గ్లవ్స్ తీసింది.

"తొడుక్కోవే. నన్ను కొట్టు."

"నిన్నా?"

"మరి గోడనా? మూతి మీద కొట్టు. గట్టిగా."

కళ్లు మూసుకుని నిలబడింది.

రత్నం చేతులు లోపలికి దూర్చింది. తోలు వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు.

మూతి మీదికి విసిరింది. చెయ్యి అటు పోలేదు, పక్కటెముకల వైపు వంగింది. అది చేరేసరికి కాసులమ్మ అక్కడ లేదు. మళ్లీ విసిరితే వీపు వైపు, మళ్లీ విసిరితే తొడ వైపు. అన్నీ చీర కప్పే చోట్లే. ముఖం జోలికి ఒక్కసారీ పోలేదు.

కళ్లు తెరవకుండానే ఆమె అన్నీ తప్పించుకుంటోంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"మెల్లగా... చంటిది లేస్తాది."

ఆ గదిలో వాళ్లిద్దరే ఉన్నారు.

రత్నం ఆపాలనుకుంది. చేతులు ఆగలేదు. ఎలాగో పళ్లతో తాడు లాగి, గ్లవ్స్ విదిల్చి పారేసింది. నేల మీద పడ్డాక కూడా అవి కాసేపు మెదిలాయి.

"ఇప్పుడు ఉత్త చేత్తో కొట్టు," అంది కాసులమ్మ, అలాగే కళ్లు మూసుకుని.

"నా వల్ల కాదమ్మా."

"రేపు అవతలి పిల్లకీ అదే చెప్తావేటే?"

రత్నానికి రోషం వచ్చింది. ఎడమ చెయ్యి విసిరింది. అది తిన్నగా పోయి మూతి మీద తగిలింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. రత్నం బిత్తరపోయి నిలబడింది.

కాసులమ్మ కళ్లు తెరిచి, కొంగుతో పెదవి ఒత్తుకుంది.

"అవి ఎటొస్తాయో నాకు తెలుసు. నీ చెయ్యే తెలీలేదు. రేపు దాన్నే తీసుకుపో."