పొట్లకాయంత షాకు

పులిమెట్ట మొత్తానికి పనికొచ్చే బుర్రలు మూడే ఉన్నాయనీ, ఆ మూడూ తమ గడప లోపలే ఉన్నాయనీ కొయ్యానవారి నమ్మకం. అన్న గవరయ్య, అతని పెళ్ళాం వరహాలు, తమ్ముడు బంగార్నాయుడు. ఎవరింట్లో ఏది చెడినా ముగ్గురూ పిలవకుండానే వెళ్ళి సలహా చెప్పి వచ్చేవాళ్ళు. వాళ్ళు సలహా చెప్పిన బోరింగు ఆ మర్నాటి నుంచి నీళ్ళు మానేసి ఈల వెయ్యడం మొదలెట్టింది. "చూశారా, మన చెయ్యి పడేసరికి పంపుకి సంగీతం వచ్చేసింది" అని గవరయ్య మీసం దువ్వుకున్నాడు.

ఆ ఏడు కొండ మీద టూరిస్టు క్యాంపు వెలిసింది. పట్నం వాళ్ళు సైకిళ్ళ మీద ఘాట్ రోడ్డు దిగుతారట. అదేం మామూలు ఘాటు కాదు. మేఘాలు కూడా అక్కడ బ్రేకులు పట్టుకునే దిగుతాయి. సైకిలు మీద ముందు వెళ్ళి దారి చూపించడానికి క్యాంపుకి గైడు కావాల్సొచ్చింది. "ఆదివారం పోటీ. కొండ మీంచి కిందికి ఎవరు ముందొస్తే వాళ్ళకే పని, వాళ్ళకే టోపీ" అని మేనేజరు ప్రకాశరావు చాటించాడు.

బంగార్నాయుడు ఆ చాటింపు రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. మీసాలొచ్చిన దగ్గర్నుంచీ పన్లో చేరుతూనే ఉన్నాడు గాని, ఇంతవరకూ అతన్ని రెండోరోజు రమ్మన్నవాడు లేడు. ఆ టోపీ నెత్తిన పడితే చాలు, ఊరంతా నోరు మూసుకుంటుంది.

సైకిలైతే ఉంది. ఎప్పుడో కొండెక్కడానికొచ్చిన పట్నం కుర్రాడు, మోసుకెళ్ళే ఓపిక లేక వదిలేసిన గేర్ల సైకిలు. దానికి సీటు కింద, గతుకుల్లో దిగి లేచే షాకు ఒకటుంది. అది దిగడం, లేవడం రెండూ మర్చిపోయి చాలాకాలమైంది. దాని మీద ఘాట్ దిగితే నడుంలో పూసలు లెక్కకి తేలవు.

అన్నదమ్ములు నర్సీపట్నం వెళ్ళి సైకిలు మెకానిక్కు ఖాజాని పట్టుకున్నారు.

"ఇప్పటి షాకులో స్ప్రింగుండదు నాయుడుగారూ, అంతా గాలే. పాత సైకిలుక్కూడా పడుతుంది. కానీ కొలత కుదరాలి. పాతది విప్పి, ఈ బోల్టు రంధ్రం నుంచి ఆ బోల్టు రంధ్రానికి ఎంతుందో కొలత తెండి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎక్కదు" అన్నాడు ఖాజా, చేతిలో ట్యూబు నీళ్ళలో ముంచుతూ.

ఇంటికొచ్చి షాకు విప్పారు. "ఇదే పట్టుకెళ్ళి చూపిస్తే పోలా?" అన్నాడు బంగార్నాయుడు.

"ఒరే, ఖాజా కొలత తెమ్మన్నాడు. షాకు తెమ్మన్నాడా?" అన్నాడు గవరయ్య.

బంగార్నాయుడు సిగ్గుపడ్డాడు. అన్నయ్య బుర్ర అన్నయ్యదే.

పందిరికి పొట్లకాయలు వేలాడుతున్నాయి. వంకర పోకుండా ఒక్కోదానికీ కింద రాయి కట్టి పెంచుతోంది వరహాలు. షాకు పక్కన పెట్టి చూస్తే, ఓ లేత పొట్లకాయ ఈ రంధ్రం నుంచి ఆ రంధ్రానికి గీత గీసినట్టు సరిపోయింది.

"కోసెయ్యనా వదినా?"

"ఇప్పుడే కోస్తే పొద్దుటికి వాడిపోదేటి మరిదీ? వాడిన కొలత పట్టుకెళ్తే మన పరువేటవ్వాల? నువ్వు బస్సెక్కే ముందు కోసిస్తాన్లే."

అంతే. రాత్రికి రాత్రి పొట్లకాయ రెండు వేళ్ళు సాగింది. తెల్లారి అది కోసుకుని, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బంగార్నాయుడు బస్సెక్కాడు. ఖాజా పొట్లకాయ వంక చూశాడు, బంగార్నాయుడి వంక చూశాడు. బేరం పోతుందని నోరు మూసుకుని దానికి సరిపడా షాకు తీసిచ్చాడు.

"బిగించాక గాలి కొట్టండి. మనిషి ఎక్కి కూచుంటే షాకు నాలుగో వంతు దిగాలి. అలా దిగితేనే రోడ్డెక్కండి, లేకపోతే వద్దు" అని చిన్న పంపు కూడా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి బిగించబోతే ఇంకేముంది, షాకు రెండు వేళ్ళు పొడుగైపోయింది! ఒక బోల్టు పెడితే రెండోది పెళ్ళిచూపుల్లో పిల్లలా పక్కకి తప్పుకుంటుంది.

గవరయ్య సైకిలు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి తేల్చాడు. "షాకు పొడుగవలేదు. సైకిలే పొట్టిదైంది. మన నాయనమ్మ వయసులో ఎంతుండేది? పోయేనాటికి ఎంతైంది? ముసలితనం అలాటిది."

"మరి సాగదియ్యాలి కదా!" అంది వరహాలు.

"పొట్లకాయని ఎలా సాగదీశావ్?" అన్నాడు గవరయ్య.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ తెలివికి వాళ్ళకే దిష్టి తగులుతుందేమో అనిపించింది. సైకిలుని పందిరికి వేలాడదీశారు. కింద రుబ్బురోలు కట్టారు. సాగలేదు. రోటి మీద గవరయ్య కూచున్నాడు. అప్పుడు కూలిన పందిరి శబ్దానికి మూడూళ్ళ అవతల కాకులు ఊరు మారిపోయాయి. పొట్లకాయల్లోంచి ముగ్గురూ లేచి చూసేసరికి సైకిలు వెనక భాగం బొత్తిగా ఒంగిపోయి ఉంది. షాకు పెట్టి చూశారు. సరిగ్గా పట్టింది!

"సాగింది!" అని బంగార్నాయుడు వదిన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఇక గాలి. ఎంత కొట్టాలో ఖాజా చెప్పలేదు కాబట్టి చేతులు పడిపోయేదాకా కొట్టారు. బంగార్నాయుడు ఎక్కి కూచున్నాడు. షాకు ఇంచు కదల్లేదు.

"కాస్త గాలి తీద్దామా?" అన్నాడు.

"కొట్టమన్నాడు గాని తియ్యమన్నాడేటి?" అంది వరహాలు, వెనకాల క్యారేజీ మీద ఎక్కుతూ. కాస్త దిగింది. గవరయ్య ముందు కడ్డీ మీదెక్కాడు. నాలుగో వంతు, కొలిచినట్టు దిగింది.

"ఇదీ లెక్క! ఎంతమంది ఎక్కితే దిగిందో అంతమందీ పోటీకి పోవాలి. ఖాజా మాట జవదాటకూడదు" అన్నాడు గవరయ్య.

ఆదివారం పొద్దున్న కొండ మీద ముగ్గురెక్కిన సైకిలు చూసి మిగతా కుర్రాళ్ళు కడుపులు పట్టుకున్నారు. "పెళ్ళికా, పోటీకా మావా?" అని అడిగాడు సోములనే వాడు. వరహాలు పట్టుచీరే కట్టుకొచ్చింది మరి.

ఈల మోగింది. ముగ్గురి బరువుతో ఆ సైకిలు దిగలేదు, రాలిపోయింది. మొదటి మలుపులో సోములు వెనకబడ్డాడు. రెండో మలుపులో వెంట వస్తున్న క్యాంపు జీపు వెనకబడింది. మూడో మలుపులో బంగార్నాయుడి చొక్కా వెనకబడింది.

"బ్రేకు పట్రా!" అన్నాడు గవరయ్య.

"నువ్వు దాని తీగ మీదే కూచున్నావన్నయ్యా!"

నాలుగో మలుపులో, రోలు కింద ఒంగిన చోట సైకిలు ఫెళ్ళున రెండైంది. ముందు చక్రంతో ముగ్గురూ తుప్పల్లో పడ్డారు. వెనకాల వచ్చిన కుర్రాళ్ళందరూ ఆగి, కొందరు లాగుతూ, కొందరు నవ్వుతూ అక్కడే ఉండిపోయారు. వెనక చక్రం మాత్రం షాకుని వీపునేసుకుని, గెంతుకుంటూ గెంతుకుంటూ ఒంటరిగా కిందికెళ్ళి, పోటీ ముగిసే చోట కట్టిన రిబ్బను తెంపింది.

ముగ్గురూ కుంటుకుంటూ చేరేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. ప్రకాశరావు నవ్వాపుకోలేక టోపీ తీసి, "ఎలాగైతేనేం, ముందొచ్చింది మీదే. పని నీదేనయ్యా బంగార్నాయుడూ, పట్టుకో" అన్నాడు.

టోపీ కళ్ళ ముందుంది. బంగార్నాయుడి చెయ్యి సగం దాకా వెళ్ళింది. వెళ్ళి వెనక్కొచ్చింది.

"అన్యాయం నేను చెయ్యలేను బాబూ. నేను నడిచొచ్చాను. ముందొచ్చింది ఇది" అన్నాడు చక్రాన్ని చూపించి.

"అది చక్రమయ్యా!"

"ముందొస్తే వాళ్ళకే అన్నారు గాని, చక్రాలు రాకూడదని తమరు చాటించలేదు" అన్నాడు గవరయ్య. వరహాలు కళ్ళొత్తుకుంది, అంత నీతిగల మరిది దొరికినందుకు.

గంటసేపు వాదించి, తల దిమ్మెక్కి, ప్రకాశరావు టోపీ చక్రానికి తగిలించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ చక్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, టోపీ సర్ది, కొండ మీదికి మోసుకెళ్ళి డ్యూటీలోకి తోశారు. అది వెళ్ళింది. ఎంత చురుగ్గా వెళ్ళిందంటే టూరిస్టులు రోడ్డు వదిలి చెట్లెక్కారు. మధ్యాహ్నమైనా అన్నానికి తిరిగిరాలేదు. క్యారేజీలో అన్నం కట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, కింద వాగొడ్డున ఇసకలో పక్కకి ఒరిగి కనబడింది, టోపీ మొహమ్మీద వేసుకుని.

"పొద్దుణ్ణించీ ఒక్కతే డ్యూటీ చేసింది కదన్నయ్యా, లేపుదామా?" అన్నాడు బంగార్నాయుడు.

"ష్! ఉద్యోగస్తుల్ని నిద్ర లేపకూడదు" అన్నాడు గవరయ్య.

అంతే. వరహాలు కొంగుతో విసురుతూ కూచుంది. బంగార్నాయుడు పక్కన చేరి, కాళ్ళెక్కడున్నాయో తెలీక, ఒక్కో చువ్వనీ మెల్లమెల్లగా పిసుకుతున్నాడు.