ఒక్కడు తక్కువైన రాతి సైన్యం

పిల్లలూ, అనగనగా సువర్ణవతి అనే పట్నం. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడు. వాడు రాజుగారి సైన్యాన్ని రాళ్లుగా మార్చి తన దీవికి తీసుకుపోయాడు. విడిపిస్తానని పెద్దకొడుకు వెళ్లాడు, రాయయ్యాడు. నడిపివాడు వెళ్లాడు, వాడూ రాయయ్యాడు. ఇక మిగిలింది చిన్నవాడు మణిమంతుడు.

దారిలో మణిమంతుడు వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. "నా వీపెక్కు నాయనా" అని అది అతణ్ణి సముద్రం తర్వాత సముద్రం, ఏడు సముద్రాలూ దాటించింది.

దీవి నిండా రాతి మనుషులే. వాళ్ల మీది దుమ్ము తుడుస్తూ ఒక అమ్మాయి కనిపించింది. పేరు హేమరేఖ, మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె. మణిమంతుడు తానెవరో, ఎందుకొచ్చాడో ఆమెకు చెప్పాడు.

"మీ అన్నలతో కలిపి రెండువేల ఐదువందల పంతొమ్మిది మంది" అందామె. "ఇద్దరేసి మొదలు పదిమందేసి దాకా, ఎలా వరుసలు కట్టినా చివరి వరుస నిండాలి. అప్పుడే శాపం పోతుంది, పంజరంలోని చిలుకా బయటపడుతుంది. మాంత్రికుడి ప్రాణం దానిలోనే ఉంది. ఎవరు పిలిచినా రాళ్లు కదులుతాయి. పిలిచి ఓడినవాళ్లు రాయవుతారు."

మణిమంతుడు మాంత్రికుడి ఎదుట నిలబడి "ఇద్దరేసి" అన్నాడు. రాళ్లు గడగడా కదిలాయి. చివర ఒక్కడు తక్కువ. ముగ్గురేసి నిలిపాడు, ఒక్కడు తక్కువ. నలుగురేసి, ఐదుగురేసి, అలా పదిమందేసి దాకా పిలిచాడు. ఎలా నిలిపినా ఒక్కడు తక్కువే.

"ఈ సంఖ్య ఏ వరుసలోనూ ఇమడదురా" అని మాంత్రికుడు నవ్వి మంత్రదండం ఎత్తాడు.

మణిమంతుడు హేమరేఖ వైపు వంగి మెల్లగా అన్నాడు. "ప్రతిసారీ తక్కువైంది ఒక్కడే. ఆ ఒక్కణ్ణి నేనవుతాను. ఆ తర్వాత నువ్వు పిలువు."

"లెక్క తప్పితే?"

"తప్పదు. అయినా భయంగానే ఉంది. తొందరగా పిలువు."

దండం తాకింది. మణిమంతుడు రాయయ్యాడు.

హేమరేఖ ముందుకొచ్చింది. "ఇద్దరేసి" అంది. రాతి మణిమంతుడు కదిలి ఖాళీలో నిలిచాడు. చివరి వరుస నిండింది. ముగ్గురేసి అంది, నిండింది. నలుగురేసి అంది, నిండింది. మాంత్రికుడి మొహం పాలిపోయింది. "పదిమందేసి" అనగానే ఆఖరి వరుసా నిండింది.

రాళ్లన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చాయి. ఒకడు తుమ్మాడు, ఇంకొకడు ఒళ్లు విరుచుకున్నాడు. మణిమంతుడు కళ్లు తెరిచేసరికి హేమరేఖ నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వుతోంది. అన్నలిద్దరూ పరుగున వచ్చి తమ్ముణ్ణి వాటేసుకున్నారు.

పంజరం తెరుచుకుని చిలుక సముద్రం మీదికి ఎగిరిపోయింది. "ఆగవే, నా ప్రాణమే" అంటూ మంత్రాలన్నీ మరిచిన మాంత్రికుడు దాని వెనకాల పడవేసుకుని పోయాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

మాంత్రికుడి ఓడల్లో అందరూ ఇల్లు చేరారు. ముగ్గురు కొడుకులనూ చూశాక ఆ రాత్రి రాజు కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు. మంచి ముహూర్తాన మణిమంతుడికీ హేమరేఖకూ పెళ్లయింది. వాళ్లు మనవలు, మునిమనవలు పుట్టేదాకా రాజ్యమేలారు. వాళ్ల ఏలుబడిలో తలుపులకు గడియ పెట్టినవాళ్లే లేరట.