డెబ్బై ఒకటో పద్యం

“‘నూట ఎనిమిది పద్యాలూ నేను అల్లినవే, తాటాకుల కట్ట మాత్రం రాజుగారు ఉంచేసుకున్నారు’ అంటోంది ప్రభూ, ఆ మగ్గం నేసే పోలమ్మ. బజారంతా వింటోంది” అన్నాడు కొండుభట్టు.

“అది అంటే నువ్వు మోసుకొచ్చావా? శతకం నాది. పున్నమికి నిండు కొలువులో నా పేరు మీదే చదివిస్తున్నా.”

చింతలగిరి అనే చిన్న రాజ్యాన్ని ఏలిన వీరమల్లరాజు కోపం ఇది. వినిపిద్దామని శతకం తెచ్చిన పోలమ్మను, ఆకులు ఇక్కడ పెట్టి వెళ్లమన్నది ఆయనే. ఒకసారి కొలువులో చదివేశాక ఆమె మాట నమ్మేవాడెవడు?

రాజును దొంగ అంటే తల ఉండదు. కొలువులో మాటకారి కొండుభట్టు అది అనలేదు. వెళ్తూ వెళ్తూ, “డెబ్బై ఒకటో పద్యం వదిలేద్దాం ప్రభూ” అన్నాడు.

“ఎందుకు?”

“తమరు రాసిందే కదా, తమకు తెలీదా?”

రాజు ఇరవయ్యో పద్యం దాటి చదివితే ఒట్టు. భట్టు గడప దాటగానే ఆ ఆకు లాగాడు. కాకర పాదు మీద పద్యం. పందిరెక్కింది, పచ్చగా పూసింది, బెల్లం వేసి వండినా చేదు పోలేదు. అంతే.

అంతేనా? ఆ రోజుల్లో శతకం రాసేవాళ్లకో అలవాటుండేది. వంద పద్యాల్లో ఎక్కడో ఒకచోట పిసినారి రాజుని కడిగేసేవాళ్లు. మరి ఆ తిట్టు ఎక్కడ?

ఆస్థాన పండితుణ్ణి పిలిచి చదవమన్నాడు. ఆయన రాజు నుదుటి మీద చెమట చూసి, ఏదో ఉండే ఉంటుందనుకుని, నా నోటితో చెప్పలేనని దణ్ణం పెట్టాడు. మంత్రి చదివి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ పూట విస్తట్లో కాకరకాయ వేపుడు వడ్డిస్తే రాజు వంటవాడి మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు.

పున్నమి వచ్చింది. కొలువు నిండింది. చదివేవాడు కట్ట తాడు విప్పబోతున్నాడు. అందరూ డెబ్బై ఒకటో దాని కోసమే కాచుకున్నట్టు తోచింది రాజుకి. తనని తానే తిట్టుకున్నాడని ఊరంతా నవ్వదూ?

“ఆగు. ఇది నాది కాదు, పోలమ్మది. పరీక్షకని ఉంచుకున్నా” అన్నాడు.

పిలిపిస్తే వచ్చిన పోలమ్మ కట్ట తాడు విప్పకుండానే నూట ఎనిమిదీ అప్పజెప్పింది. డెబ్బై ఒకటోది వచ్చింది, పోయింది. సభ తలూపి ఊరుకుంది.

“ఏముందిరా అందులో?” అన్నాడు రాజు, భట్టు వైపు తిరిగి.

“కాకరకాయ ప్రభూ. ఇంకేదో ఉందని నేనన్నానా?”

రాజు కాసేపు గుడ్లు మిటకరించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి భట్టు భుజాన వేశాడు. పోలమ్మకు గండపెండేరం తెప్పించాడు. అది అందిస్తూ వంగి, చిన్న గొంతుతో అడిగాడు: “నిజం చెప్పమ్మా, నన్నేమీ అనలేదు కదా?”

పోలమ్మ కట్ట చంకన పెట్టుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతూ వెళ్లిపోయింది.

మరి ఆవిడ ఎందుకు నవ్వినట్టంటారు?